గంట కొట్టేవాడి అన్నం

హుసేనప్ప మూట కడుతున్నాడు. కేశన్నకు మతి పోయింది.

చుక్కలు పడినప్పుడు కట్టుకున్నా అర్థముంది. మొదటిసారి పలక మీద పదకొండు చుక్కలు పడ్డాయి, అప్పుడు కట్టలేదు. రెండోసారి నాలుగు పడ్డాయి, అప్పుడూ కట్టలేదు. మూడోసారి, నిన్న సాయంత్రం, ఒక్కటంటే ఒక్క చుక్క లేకుండా పలక గట్టెక్కింది. ఎల్లుండి కూటమిలో నిలబడి నాలుగు మాటలు చెప్పడమే తరువాయి. ఇప్పుడీ మహానుభావుడు గొంగడి పరిచి, అందులో పంచె, చెంబు, దువ్వెన పెట్టి, నాలుగు కొసలూ దగ్గరికి లాగుతున్నాడు.

“ఏందిరా ఇది?”

“ఊరికి పోతా ఉండా కేశన్నా.”

“ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?”

“అందరూ బాగుండారు.”

“మరి?”

హుసేనప్ప ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు. వాడికి మాట ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. అన్నం తింటావా అని అడిగితే, అడిగినవాడు తిని చెయ్యి కడుక్కున్నాక “తింటా” అనే రకం. కేశన్న పళ్లు బిగబట్టి ఆగాడు.

“పలక మీద నాది ఏం లేదన్నా,” అన్నాడు చివరికి. “ఎల్లుండి నిలబడితే నీ మాట చెప్పాల. నీ మాట చెప్పనీకి నువ్వు ఉండావు గదా.”

“నా మాటైతే ఏం? మంచి మాటే గదా?”

“మంచి మాటే,” అని ఒప్పుకున్నాడు హుసేనప్ప. “ఏరు దాటించే పుట్టి మధ్యాన్నం దాటినాక పోతుందంట. తాతకు చెప్పొస్తా.”

మూట అక్కడే పెట్టి వెళ్లాడు. కేశన్న దాని పక్కనే కూలబడ్డాడు. మంచి మాట అంటాడు, చుక్క లేదంటాడు, పోతానంటాడు. దీనికి తలా తోకా ఉందా?

మీకు మఠం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ చుక్కల గోల తెలియదు. తుంగభద్ర ఒడ్డున రాళ్ల గుట్ట మీద పీరయ్య తాత మఠం. మఠమంటే గోపురాలూ ఏనుగులూ ఊహించుకోకండి. మూడు గదులు, ఒక వసారా, రెండు వేపచెట్లు, వసారా దూలానికి తాడుతో వేలాడే ఒక రైలుపట్టా ముక్క. వంట చూసే ఈరమ్మ గరిటెతో దాని మీద మూడు దెబ్బలు కొడితే సంగటి దిగిందని గుర్తు. తాత అయ్యవారా, సాయిబా అని అడగడం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎప్పుడో మానేశారు. అడిగినప్పుడల్లా ఆయన “నువ్వేమనుకుంటాండావు?” అని ఎదురడిగి, వాళ్లు చెప్పింది విని, బాగుందనేవాడు.

ఏటా జొన్నకోతలు అయ్యాక మఠంలో వాదాల కూటమి జరుగుతుంది. దానికి నెల ముందు తాత ఒక కథ చెబుతాడు. ఇంకా పుట్టని ఊరి కథ. అదేం ఖర్మో, అన్నీ చెడ్డ ఊళ్లే. ఒక ఏడు ఎవరూ చావని ఊరు. ఇంకో ఏడు ఎవరికీ నిన్నటిది గుర్తుండని ఊరు. “ఒక్కసారి మంచి ఊరి కథ చెప్పరాదా తాతా” అని ఈరమ్మ అడిగితే, “మంచి ఊళ్లో వాదించేదేముంది, తిని పడుకునేదే గదా” అన్నాడట.

ఈ ఏడు గంట ఊరు. ఆ ఊళ్లో గంట కొడితే లేస్తారు, గంట కొడితే తింటారు, గంట కొడితే నవ్వుతారు, గంట కొడితే ఏడుస్తారు. ఆకలి లేదు, దొంగతనం లేదు, అత్తాకోడళ్ల కొట్లాట లేదు. ఆ ఊరు మంచిదా, చెడ్డదా? చెడ్డదైతే చెడు ఎక్కడుంది? శిష్యులు దీని మీద వ్యాసం రాసి, కూటమిలో నిలబడి వాదించాలి.

వ్యాసానికి ముందు పలక మీద చట్రం గీయాలి. నేను చెప్పే మాట ఇది, దానికి ఆసరా ఇది, ఎదుటివాడు ఇట్లా అంటాడు, నేనిట్లా బదులిస్తాను. అంతే, నాలుగు వరసలు. ఆ పలకను ఇంకో శిష్యుడు చదవాలి. చదివేవాడికి తాత పెట్టిన నియమం ఒకటే. అర్థం కానిచోట జాజుతో, అంటే ఎర్రమట్టి గడ్డతో, ఒక చుక్క పెట్టాలి. తాను రాయకూడదు, చెరపకూడదు.

కేశన్న మఠానికి వచ్చి ఆరేళ్లయింది. వాదంలో వాడిని కొట్టేవాడు లేడు. అందుకే ఈ ఏడు హుసేనప్ప, ఉరుకుందు, తిక్కయ్య, ఇంకొకడు, ఈ నలుగురి పలకలూ చూసే పని తాత వాడికే అప్పజెప్పాడు. ఆరేళ్ల చదువరికి అర్థం కానిదేముంటుంది? ఏమీ ఉండదు. మరి జాజుగడ్డ ఊరికే ఎందుకుండాలి? కాబట్టి తప్పు కనబడిన చోట చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. మూడు విడతల్లో చుక్కలన్నీ పోవాలి, పోకపోతే ఆ ఏడు కూటమిలో నిలబడటానికి లేదని ఇంకో నియమం కూడా తెచ్చాడు. అది తాత పెట్టింది కాదు. తాత వద్దనీ అనలేదు.

చుక్క పెట్టి ఊరుకునే మనిషి కాదు కేశన్న. పలక రాసినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇది తీసెయ్యి, ఇక్కడ ఇట్లా రాయి అని ఓపిగ్గా చెప్పేవాడు. తాను మాత్రం బలపం ముట్టుకునేవాడు కాదు. నియమం నియమమే కదా!

అందరికన్నా హుసేనప్పతోనే ఎక్కువ పొద్దులు కూర్చున్నాడు. దానికి కారణముంది. హుసేనప్ప ఏటి అవతల కంబళ్లు నేసే మద్దిలేటి కొడుకు. ఇరవై ఏళ్లవాడు. కంబళ్లు అమ్మడానికి వచ్చినప్పుడల్లా వసారా మెట్టు మీద కూర్చుని పాఠాలు వింటూ, అమ్మకం మరిచిపోయి తిట్లు తినేవాడు. చివరికి మద్దిలేటి తానే వెంటబెట్టుకుని వచ్చాడు. “ఒక్క ఏడు చూస్తా. కూటమిలో నలుగురి ముందర నోరు తెరిస్తే మీ కాడే ఉండనీ. తెరవలేదంటే మగ్గం కాడ కూర్చోబెడతా, ఇంక ఏరు దాటేది లేదు” అన్నాడు. కేశన్న ముందుకొచ్చి, “నాదీ పూచీ మామా” అన్నాడు.

ఆ పూచీ మీదే పదకొండు చుక్కల పలక చుక్కలు లేని పలక అయింది. ఇప్పుడు వీడు ఏరు దాటితే మళ్లీ రాడు. అది వాడికీ తెలుసు, కేశన్నకూ తెలుసు. తెలిసీ పోతానంటాడు!

కేశన్న లేచి వసారాలోకి వెళ్లాడు. తాత మంచం మీద ఒత్తిగిలి పడుకున్నాడు. రెండు కళ్లలోనూ పొరలు దిగి, పలకలు చదవడం ఆయన మానేసి రెండేళ్లయింది. పక్కన ఈరమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. హుసేనప్ప తాత కాళ్లకు దండం పెడుతున్నాడు.

“పోయొస్తా తాతా.”

“పోయిరా నాయనా. రొట్టె కట్టుకున్నావా?”

“ఈరమ్మక్క ఇచ్చింది.”

“మంచిది.”

అంతే! ఎందుకు పోతున్నావని అడగలేదు, ఆగమనలేదు. హుసేనప్ప వెనక్కి పోయి మూట భుజాన వేసుకుని గుట్ట దిగుతుంటే కేశన్నకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

“ఏంది తాతా, పోయిరమ్మంటివే! వాడింక రాడు.”

“రాడా?”

“పలక మీద ఒక్క చుక్క లేదు. నేనే చూసినా. ఒక్కో వరసా దిద్దించినా. వాడికి ఏం తక్కువ చేసినా? నాకేం అర్థం కావడం లేదు తాతా.”

పీరయ్య తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. “ఏమన్నావు? మళ్లీ అను.”

“అర్థం కావడం లేదంటాండా.”

“ఈరమ్మా, విన్నావా?”

“విన్నా, విన్నా,” అంది ఈరమ్మ చాట ఆపకుండా. “ఈ పొద్దు వాన పడుతుంది. జొన్నలు లోపల పెట్టుకోవాల.”

కేశన్న ముఖం మాడిపోయింది. తాత మాత్రం నవ్వలేదు. “ఐదు పలకలూ ఈరమ్మ చేతికియ్యి. నీది కూడా. నువ్వు పోయి ఆ వేపచెట్టు కింద అటు తిరిగి కూర్చో. ఈమె చదువుతుంది. నీది రాగానే నాదని కేకెయ్యి.”

“పుట్టి కదులుతుంది తాతా!”

“పుట్టి నిండందే కదలదు. పో.”

చేసేదేముంది? పోయి కూర్చున్నాడు. గుట్ట కింద ఏటి ఒడ్డున పుట్టి కనబడుతోంది. ఇద్దరు మేకలవాళ్లు ఎక్కుతున్నారు. ఇంత తొందరలో ఇదేం ఆటో, ముసలాయనకు చాదస్తం ముదిరిందో, కేశన్నకు తోచలేదు. తన పలక తనకు తెలియదా ఏం? నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు.

ఈరమ్మ గొంతు సవరించుకుంది. నలభై దాటాక తాత దగ్గరే అక్షరాలు నేర్చుకున్న మనిషి. అందుకని ఒక్క అక్షరం కూడా మింగకుండా, నిమ్మళంగా చదువుతుంది.

“గంట ఊళ్లో ఆకలి లేదు, దొంగ లేడు. అయినా అది చెడ్డ ఊరు. ఎందుకంటే ఆ ఊళ్లో మనిషికి తన మాటంటూ లేదు. ఒక్కడు చెప్పిందే అందరూ...”

“నాది!” అని అరిచాడు కేశన్న.

“ఇది ఉరుకుందుది.”

కేశన్న నాలుక కరుచుకున్నాడు. అవును, ఉరుకుందుకు మొదటి వరస తానే చెప్పి రాయించాడు. పర్వాలేదు, ఇంక జాగ్రత్తగా వినాలి.

ఈరమ్మ రెండో పలక తీసింది. “గంట ఊళ్లో ఆకలి లేదు, దొంగ లేడు. అయినా అది చెడ్డ ఊరు...”

ఇది హుసేనప్పదా? తిక్కయ్యదా? ఆసరా వరస వచ్చింది. ఎదురుమాట వచ్చింది. “కడుపు నిండితే చాలదా అని ఎదుటివాడు అంటాడు.” ఇది హుసేనప్పదే అయ్యుండాలి, వాడి పలకలో కడుపు సంగతి ఉంది. కేశన్న నోరు కట్టుకుని కూర్చున్నాడు. వరసలు నాలుగూ అయిపోయాయి.

“ఏమయ్యా, పలకవేం?” అంది ఈరమ్మ. “ఇది నీదే.”

“నాదా?”

“కొయ్యచట్రం మీద నీ పేరు చెక్కినావు గదా, ఇంత పెద్దగా.”

మూడోది చదివింది. నాలుగోది మొదలుపెట్టి సగంలో ఆపేసింది. “ఇంక చదవాల్నా తాతా? నాకు కునుకొస్తా ఉంది.”

కేశన్న వెనక్కి తిరిగాడు. ఒకరిది ఒకరు చూసి రాసుకున్నారేమో అందామనుకున్నాడు, కానీ ఎవరూ ఎవరిదీ చూడలేదని వాడికే బాగా తెలుసు. నలుగురినీ వేరువేరుగా కూర్చోబెట్టింది తానే. వసారా మెట్టెక్కి నిలబడ్డాడు. తాత నాలుగు తిట్లు తిడితే బాగుండు. ఆయన తిట్టలేదు.

“హుసేనప్ప మొదటి పలక మీద ఏముండె?” అని అడిగాడు.

కేశన్న గుర్తు చేసుకోబోయాడు. పదకొండు చుక్కలు గుర్తొచ్చాయి. తాను చెప్పిన దిద్దుబాట్లు గుర్తొచ్చాయి. ఉరుకుందు మొదటి పలక, తిక్కయ్య మొదటి పలక, ఒక్కటీ రాలేదు. ఉండుండి ఒకే ఒక్క వరస తేలింది. ఆ వరస చూసి తనకు చిరాకేసింది కూడా గుర్తొచ్చింది.

“గంట కొట్టేవాడు అన్నం ఎప్పుడు తింటాడు, అని ఉండె తాతా. అది మొదటి వరసలో రాసినాడు. అక్కడ మాట చెప్పాల గానీ ప్రశ్న అడుగుతారా ఎవరన్నా?”

ఈరమ్మ చేతిలో చాట ఆగింది.

“నువ్వేం చేసినావు?” అన్నాడు తాత.

“చుక్క పెట్టి తీసెయ్యమన్నా.”

“ఎందుకు?”

“వాదానికీ దానికీ సంబంధం లేదు.”

“ఎందుకు తీసెయ్యమన్నావు?”

“చెప్పినా గదా, సంబంధం...”

తాత అలాగే వాడివైపు చూస్తున్నాడు. ఆ కళ్లకు ఏమీ ఆనదని తెలిసినా కేశన్న చూపు దించుకున్నాడు. ఆ రోజు ఆ వరస చదివి తాను ఎంతసేపు ఆగిపోయాడో జ్ఞాపకం వచ్చింది. గంట కొట్టేవాడు మిగతావాళ్లతో తినలేడు, కొడుతుంటాడు గనక. మరి ఎప్పుడు? వాడికి గంట ఎవరు కొడతారు? అసలు వాడు ఆ ఊరివాడేనా? తల తిరిగింది. ఎదురుగా హుసేనప్ప, ఈ అన్న ఏం చెబుతాడా అని నోరు తెరుచుకుని కూర్చున్నాడు. అప్పుడు అనేశాడు, సంబంధం లేదు, తీసెయ్యమని.

“అర్థం కాలేదు తాతా,” అన్నాడు కేశన్న.

పీరయ్య తాత దిండు కింద తడిమి జాజుగడ్డ తీసి వాడి చేతిలో పెట్టాడు.

“చుక్క పెట్టు.”

“ఆ మాట ఇప్పుడు పలక మీద లేదు గదా! యాడ పెట్టేది?”

తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కేశన్న ఒక చేతిలో జాజుగడ్డ, ఒక చేతిలో హుసేనప్ప పలక పట్టుకుని ఈరమ్మ వైపు చూశాడు. “నన్నేం చూస్తావు? పుట్టి నిండుతా ఉంది,” అంది ఈరమ్మ. ఆ మాటలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

కేశన్న పరుగెత్తాడు. గుట్ట దిగేటప్పుడు ఒక చెప్పు తెగింది, దాన్ని అక్కడే వదిలేశాడు. ఏటి ఒడ్డుకు వచ్చేసరికి పుట్టిలో ఆరుగురు మనుషులు, నాలుగు మేకలు. హుసేనప్ప మూట ఒళ్లో పెట్టుకుని, ఒక మేకపిల్ల నోట పెట్టుకోకుండా గొంగడి కొస కాపాడుకుంటున్నాడు.

“రేయ్! దిగురా!”

“వద్దులే అన్నా.”

“దిగొద్దులే, ఈడనే ఉండు. ఒక మాట రాయి చాలు.” కేశన్న మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, పలకను నీళ్లలో ముంచి, తడి అరచేత్తో నాలుగు వరసలూ తుడిచేశాడు. మూడు విడతలు దిద్దించిన చట్రం ఏట్లో కలిసిపోయింది. పలక ముందుకు చాపాడు. “గంట కొట్టేవాడి మాట. మొదట రాసినావే, అది రాయి.”

హుసేనప్ప పలకను చూశాడు, కేశన్నను చూశాడు. “నువ్వే గదా సంబంధం లేదంటివి.”

“ఉందో లేదో నాకు తెలీదురా. నాకు అర్థం కాలా. అర్థం కాలేదని నీతో చెప్పనీకి సిగ్గయింది. ఆరేండ్లాయె నేనొచ్చి, నువ్వు నిన్న గాక మొన్న వచ్చినోడివి. ఇట్లాంటిది నువ్వు రాస్తే నేను తెల్లముఖం వేస్తానా అనుకున్నా. అందుకే చెరిపించినా. తప్పు నాది, హుసేనా.”

ఆరుగురు మనుషులూ కేశన్నను వింతగా చూశారు. పుట్టి నడిపేవాడు, “ఏమప్పా, మీ పంచాయితీ తెగేటిదా, తెగనిదా?” అన్నాడు.

హుసేనప్ప బొడ్లోంచి బలపం తీశాడు. తడి ఆరేదాకా పలకను ఎండకు పట్టుకున్నాడు. వాడి నిదానం వాడిది. అంతసేపూ కేశన్న నీళ్లలో నిలబడే ఉన్నాడు. తర్వాత వాడు రాశాడు. కేశన్న పలక అందుకుని, వరస చివర జాజుతో ఒక చుక్క పెట్టి, “ఇప్పుడు చెప్పు,” అన్నాడు.

“నాకూ పూరా తెలీదన్నా.”

“తెలిసినంత చెప్పు.”

హుసేనప్ప ఆలోచించాడు. ఈసారి కేశన్నకు పళ్లు బిగబట్టే పని పడలేదు.

“ఈరమ్మక్క పట్టా కొడుతుంది గదా. మనం పోయి తింటాం, లేస్తాం. నేనొచ్చి ఇన్ని నెలలాయె, ఆమె తినేది ఒక్కనాడూ చూడలా. తాత కథ చెప్తా ఉంటే, ఆ ఊళ్లో కూడా అట్లాంటి మనిషి ఒకరుంటారు గదా అనిపించె. వాళ్ల ముచ్చట కథలో లేదు. ఆ మనిషి ఊరికి రాజా, లేకపోతే ఊరికి చాకిరీ చేసేటోడా? రాజైతే ఊరు చెడ్డదనే చెప్పొచ్చు. చాకిరీ చేసేటోడైతే, ఏమని చెప్పాల్నో నాకు తెలీలా. ఆ మనిషినే అడగాలనిపించె. అంతే అన్నా.”

కేశన్న పలక మీద చుక్క వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఎల్లుండి ఇదే చెప్పు,” అన్నాడు.

“దీనికి ఆసరా లేదు, ఎదురుమాట లేదు.”

“ఇంకా రెండు పొద్దులుంది. నువ్వు వెతుకు. నేను అడుగుతా ఉంటా. చెప్పను, అడుగుతా.”

హుసేనప్ప మూట తీసుకుని దిగాడు. వాడు దిగిన చోట మేకపిల్ల పడుకుంది. పుట్టి నడిపేవాడు ఇంకో మనిషి కోసం మళ్లీ కేకలు మొదలుపెట్టాడు.

పొద్దు వాలేవేళకు ఇద్దరూ మఠం చేరారు. ఉరుకుందు, తిక్కయ్య, మిగిలిన శిష్యుడూ వసారాలో కూర్చుని ఉన్నారు. తాత హుసేనప్ప అడుగుల చప్పుడు పోల్చుకున్నాడు గానీ, ఎందుకొచ్చావని అడగలేదు. “పలక చదువు ఈరమ్మా,” అన్నాడు.

ఈరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని పలక తీసుకుంది. “ఆ ఊళ్లో అందరూ గంట కొడితే తింటారు. గంట కొట్టేవాడు అన్నం ఎప్పుడు తింటాడు?” అక్కడ ఆగింది. “ఇంకేం లేదు తాతా. పక్కన చుక్కుంది.”

“చుక్క ఎవరిది?”

“నాది,” అన్నాడు కేశన్న. “నాకు అర్థం కాలేదు తాతా.”

“మూడు విడతలూ అయిపాయె గదా,” అన్నాడు ఉరుకుందు మెల్లగా. “చుక్కుంటే కూటమిలో నిలబడకూడదంటిరి.”

“అది నేను పెట్టింది. తీసేస్తా ఉండా. మీ మొదటి పలకల్లో ఏం రాసినారో గుర్తుంటే మళ్లీ రాసుకోండి. నాకు మాత్రం గుర్తులేదు, ఏమనుకోవద్దు.”

తిక్కయ్య, ఉరుకుందు ముఖముఖాలు చూసుకున్నారు. ఈరమ్మ ఇంకా పలక పట్టుకునే ఉంది. పెదవులు కదుపుతూ ఆ వరసను మళ్లీ ఒకసారి చదువుకుంది. తర్వాత హుసేనప్పను చూసింది. పలకను గోడకు ఆనించి సంగటి చూడటానికి లేచింది.

ఆ పూట కేశన్న ఆమె చేతిలో గరిటె లాక్కున్నాడు. “నువ్వు కూర్చో అక్కా.”

“నీకేమైందిరా? పొద్దున్నుంచీ బాగనే లేవు.”

“కూర్చో.”

పట్టా ముక్క మీద మూడు దెబ్బలు కొట్టాడు. చప్పుడు ఎక్కువైంది, వేపచెట్టు మీద కాకులు లేచాయి. అందరికీ వడ్డించాడు. ఉరుకుందు రెండోసారి అడిగాడు, పెట్టాడు. తిక్కయ్య మూడోసారి అడిగాడు, వాడెప్పుడూ మూడుసార్లే తింటాడు, పెట్టాడు. ఈరమ్మ వరస చివర కూర్చుని, పని లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మెల్లగా తింది. ఆమె తినడం చూడటం కేశన్నకు ఆరేళ్లలో అదే మొదటిసారి.

అందరూ లేచాక గంగాళంలోకి తొంగి చూశాడు. అడుగంటిన సంగటి చెక్క ఒకటి ఉంది. పప్పుచట్టిలో గరిటె తిప్పితే చప్పుడు తప్ప ఏం రాలేదు. సంగటి చెక్కను గీకి తీసి, ఉప్పు అద్దుకుని తిన్నాడు.

“రోజూ ఇంతేనా అక్కా?”

“ఒక్కోనాడు ఇంకొంచెం ఉంటుంది,” అంది ఈరమ్మ. “ఎవరికన్నా జ్వరమొస్తే.”

కేశన్న గంగాళం పక్కనే కూర్చుండిపోయాడు. రేపు పట్టా ఎవరు కొట్టాలి? వంతులు వేసుకుందామా? వేసుకుంటే ఆ ఊరు బాగైనట్టా? లేక కొట్టడమే మానేద్దామా? ఏదీ తెగలేదు.

మంచం మీంచి పీరయ్య తాత పిలిచాడు. “ఏమప్పా కేశన్నా, ఆ చుక్క తుడిచేద్దామా?”

కేశన్న గోడకు ఆనించిన పలక వైపు చూశాడు.

“ఉండనీ తాతా.”